గట్టు దాటని బండి

మా పొలం ఎన్ని ఎకరాలని అందరూ అడిగారు. వెడల్పు ఎంతని ఒక్కరూ అడగలేదు. పోయిన ఏడాది ట్రాక్టర్ కోసం తిరిగినన్నాళ్ళూ నా కోపమంతా దీని గురించే. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఎకరాలు చెప్పడం తేలిక. రెండున్నర. కానీ అది ఒక్కచోట ఉన్న రెండున్నర కాదు. మా వైపు అన్నదమ్ములు పంచుకునేటప్పుడు నీకు ఈ మడి, నాకు ఆ మడి అని పంచుకోరు. ఒకరికి పల్లం, ఒకరికి మెట్ట వస్తే బతికినంత కాలం మాట పడాలని భయం. అందుకని ప్రతి మడినీ నిలువుగా చీలుస్తారు. నీళ్ళు నిలిచే చివర ఇద్దరికీ, తొందరగా ఎండిపోయే చివర ఇద్దరికీ. మా మావగారూ ఆయన తమ్ముడూ ఒకసారి అలా చీల్చుకున్నారు. తరవాత మా ఆయన, మా మరిది ఆ చీలికల్నే మళ్ళీ చీల్చుకున్నారు. పంపకం రోజున తాడు పట్టిన పెద్దలు జానెడు తేడా రానివ్వలేదని ఊళ్ళో ఇప్పటికీ గొప్పగా చెబుతారు. చివరికి నాలుగు బారల వెడల్పున, మడి పొడుగునా సాగిన పట్టీలు మిగిలాయి. అంత న్యాయంగా కొలిచినవాళ్ళలో ఒక్కరికైనా, పట్టీ చివరికి వెళ్ళాక వెనక్కి ఎలా తిరగాలన్న ఆలోచన రాలేదు.

అప్పట్లో ఎద్దులుండేవి. ఎద్దులు ఉన్నచోటే తిరుగుతాయి. మా ఆయన చివరిదాకా ఎద్దులతోనే దున్నారు. నేను ట్రాక్టర్ కోసం తిరగడానికి ముందటి వేసవిలో ఆయన పోయారు. ఎద్దులు ఆయన గొంతుకే కదిలేవి. ఆయన పోయాక మేత కూడా సరిగ్గా ముట్టలేదు. వాటిని సాకగలిగిన ఇంటికి పంపేశాం.

ఆ వానల్లో, నాట్లకి ముందు మడిని బురదగా కలియదున్నే దమ్ముకి కిరాయి ట్రాక్టర్‌ని పిలిచాను. అందరి పొలాలూ అయ్యాకే మా దగ్గరకి వచ్చాడు డ్రైవరు. పట్టీలోకి దిగి ఒకసారి అటూ ఇటూ చూశాడు.

“ఇది మడా అమ్మా, మొలతాడా?”

చివర తిరగడానికి రెండు వైపులా గట్లు తొక్కేశాడు. తొక్కినా తిరగలేక రెండు చివర్లూ దున్నకుండానే వదిలేశాడు. అక్కడ మనుషుల్ని పెట్టి పారలతో తవ్వించుకున్నాను. నాట్లు ఆలస్యమయ్యాయి. పంట కూడా అలాగే వచ్చింది.

కోతలయ్యాక మా మరిది వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మాకు పక్క పట్టీ అతనిదే.

“ఒదినా, మజ్జిలో గట్టు తీసేద్దాం. నాను పెద్ద బండి తెస్తాను, నువ్వు సగం ఎయ్యి. రెండూ కలిపి దున్నేస్తాను. నీ వాటా గింజలు నీ ఇంటికే వస్తాయి. నీకెందుకు ఈ ఎండలో తిరుగుడు?”

“గట్టు తీసేస్తే నాది ఎక్కడిదాకానో ఎలా తెలుస్తాది?”

“ఏటొదినా, అన్న లేడని నీకు అన్నాయం సేస్తానా?”

చేస్తాడని నేను అనలేదు. అతను దొంగ కాడు. కానీ ఆ వానల్లోనే గట్టుని అతని వైపు నుంచి పారతో చెక్కారు. ఏటా గట్లు చెక్కి శుభ్రం చేస్తారు నిజమే, ఈసారి మాత్రం కాస్త లోతుగా చెక్కారు. ఆ గట్టు మీద కంది మా ఆయన ఏటా వేసేవారు. ఆయన లేకపోయినా రాలిన గింజలు మొలిచాయి. అటువైపు వాటి వేళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. అతని అన్నగారుండగా గట్టు ఎప్పుడూ సన్నబడలేదు. పాస్‌పుస్తకంలో ఎకరాలుంటాయి, గట్టు ఉండదు. గట్టు ఒకసారి పోయిందంటే ఆ నేల నాదే అయినా, సాగు నాది కాదు. ఏం వెయ్యాలో, ఎప్పుడు కొయ్యాలో, నా వాటా ఎంతో అతను చెబితే నేను వినాలి.

పలకరించడానికి వచ్చినవాళ్ళు అదే మాట ఇంకోలా అన్నారు. “మరిది ఉన్నాడు కదమ్మా, నీకేటి దిగులు?” చుట్టాల్లో చదువుకున్నవాళ్ళు మాత్రం మా ఆయన ఎక్కడికీ పోలేదని, నా గుండెల్లోనే ఉన్నారని చెప్పారు. ఆయన పోయారు. ఎద్దులకి కూడా తెలిసిన సంగతి అది. ఇలాంటి మాటలు విని తల ఊపాల్సి రావడం నాకు చాలా కష్టంగా ఉండేది.

అందుకని నాలుగు బారల్లో తిరిగే బండి, నేనే నడుపుకోగలిగేది కావాలనుకున్నాను. స్కూటీ నడుపుతాను. ట్రాక్టర్ కూడా నేర్చుకోవచ్చు.

మొదట ఆమదాలవలస వెళ్ళాం. వెళ్ళాం అంటున్నాను, ఎందుకంటే ఆడమనిషి ఒక్కతే ట్రాక్టర్ కొనడానికి వెళితే నలుగురూ ఏమనుకుంటారని మా మరిది కూడా రైలెక్కాడు. షోరూమ్‌లో సేల్స్ కుర్రాడు మాకు ఎదురొచ్చి అతనికే నమస్కారం పెట్టాడు.

“సార్, ఎన్ని ఎకరాలు మీకు?”

“రెండూ కలిపితే ఐదు,” అన్నాడు మరిది.

“రెండున్నర,” అన్నాను నేను.

కుర్రాడు నా వైపు తిరిగి నవ్వాడు. “మేడమ్‌కి ఎరుపు ఇష్టమా, నీలమా?”

“ఎంత వెడల్పులో తిరుగుతుంది ఇది?”

“ఎలాగైనా తిరుగుతుంది మేడమ్. పవర్ స్టీరింగ్. ఒక్క వేలితో తిప్పొచ్చు.”

“నేనడిగింది వేలి గురించి కాదు, బండి గురించి.”

“సార్‌కి తెలుసు మేడమ్.”

సార్‌కి తెలియదు. సార్ అప్పటికే అన్నిట్లోకీ పెద్ద బండెక్కి కూర్చుని హారన్ కొట్టి చూస్తున్నాడు. ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని టన్నులు లాగుతుంది, ఇటుక లోడ్లకి పనికొస్తుందా అన్నవే వాళ్ళిద్దరి మాటలు. నాకు ఇటుకల వ్యాపారం లేదు. నా డబ్బుతో, నా పొలానికి బండి కొనడానికి వెళ్ళి, అరగంట సేపు కూల్‌డ్రింక్ సీసా పట్టుకుని కూర్చున్నాను. కంపెనీ పుస్తకం కూడా మరిది చేతికే ఇచ్చారు. తిరుగు రైల్లో అతను దాంతో విసురుకుంటుంటే అడిగి తీసుకున్నాను.

చదవడం నాకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటని మా ఇంట్లో అంటారు. ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివాను. మొదటి పేజీల్లో సూర్యోదయం, నవ్వుతున్న రైతు, బంగారు భవిష్యత్తు. చివరి పేజీలో, కళ్ళజోడు పెట్టుకుంటే గాని కనబడని అక్షరాల్లో, బండి వెడల్పు, అది తిరగడానికి కావలసిన జాగా. పెద్దదానికి మా పట్టీ చాలదు. చిన్నదానికి సరిపోతుంది. రైతుకి కావలసిన ముక్కని అంత అడుగున ఎందుకు దాచారో, సూర్యోదయానికి నిండు పేజీ ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు.

అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మదలచుకోలేదు. గడ్డి బండికి బిగించే మోకు ఇంట్లో ఉంది. అది తీసుకెళ్ళి పట్టీ వెడల్పున పరిచి, రెండు చివర్లా ముడి వేశాను. ఆయన చేతి మోకు అని కాదు. ఇంట్లో అంత పొడుగున్నది అదొక్కటే.

చీపురుపల్లి షోరూమ్‌కి ఆ మోకు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మరిది ఈసారీ వచ్చాడు. అక్కడ కాస్త పెద్ద వయసు మనిషి ఉన్నాడు. సంచిలోంచి మోకు తియ్యగానే నవ్వాడు.

“బండిని కట్టి తీసుకెళ్తారా అమ్మా?”

“ముందు కొలవనివ్వండి.”

వెనక ఖాళీ స్థలంలో మోకు పరిపించి, ఒక్కో ముడి దగ్గర గట్టులా ఒక్కో వరస ఇటుకలు పెట్టించాను. ఆ రెండు వరసల మధ్య బండి తిప్పి చూపించమన్నాను. ఇలాంటి బేరం ఇంతవరకూ చూడలేదన్నాడు ఆయన. నాకు పట్టలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా ఇక్కడి రైతులకి బండ్లు అమ్ముతున్నాడు, ఇక్కడి మడులు ఎలా ఉంటాయో ఒక్కసారీ అడగలేదా? అదే మాట ఆయనతో అన్నాను. గొంతు పెంచలేదు. ఆయన డ్రైవర్ని పిలిచాడు.

పెద్ద బండి తిరిగేసరికి ఒక వైపు ఇటుకలన్నీ పడిపోయాయి. రెండోసారి రెండో వైపువి పడ్డాయి. చిన్న బండి తిరిగింది. వెనక తగిలించిన, నేల తిరగేసే రోటావేటర్‌తో సహా తిరిగింది, ఒక్క ఇటుకా కదల్లేదు.

మరిది దాని చుట్టూ ఒకసారి నడిచాడు. “ఇది ట్రాక్టరేటి ఒదినా? కోడిపెట్టనాగుంది. ఊళ్ళోకి తోలుకెళ్తే కుక్కలైనా మొరగవు.”

“మొరక్కపోతే మంచిదే కదా.”

“నవ్వుతార్రా బాబూ, సూడు నువ్వు. నాను ముందే సెప్తన్నాను.”

“నవ్వనీ.”

అదే కొన్నాను.

బండి ఇచ్చే రోజున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, దండ వేశారు. షోరూమ్ వాళ్ళ దగ్గర మనిషి చెయ్యంత పొడుగున్న అట్ట తాళంచెవి ఒకటుంది. కొన్నవాళ్ళ చేతికి అది ఇచ్చి ఫొటో తీస్తారు. దాన్ని మా మరిది చేతికిచ్చారు. “మేడమ్, కొంచెం పక్కకి,” అన్నారు నన్ను. ఎందుకు పక్కకో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్త బండికి దండ వేసే చోట నాలాంటిది ఎక్కడ నిలబడాలో అక్కడున్న అందరికీ తెలుసు. మరిది కూడా కాదనలేదు, తల దువ్వుకున్నాడు. ఆ ఫొటోలో అతను నవ్వుతున్నాడు, అంచున నా చీర కొంగు కొంచెం పడింది. సాయంత్రానికి అది మా చుట్టాలందరి ఫోన్లలోకీ వెళ్ళింది. కొత్త ట్రాక్టర్ కొన్నందుకు అతనికి శుభాకాంక్షలు చెబుతూ ఎంతోమంది రాశారు. నేను అన్నీ చదివాను.

వానలు పడ్డాక దమ్ముకి నేనే దిగాను. అప్పటికి నడపడం వచ్చింది, బురదలో మాత్రం అదే మొదలు. పట్టీ చివరికి వచ్చి, వేగం తగ్గించి, స్టీరింగ్ మొత్తం తిప్పాను. ముందు చక్రం గట్టు పక్కగా వెళ్ళి వెనక్కి తిరిగింది. కంది మొక్క ఒక్కటీ వంగలేదు. ఏడుపొచ్చింది గాని, బురదలో బండి మీద ఉన్న మనిషికి దానికి తీరిక ఉండదు.

రోటావేటర్‌కి చుట్టుకున్న గడ్డి తియ్యడానికి ఇంజను ఆపాను. అందుకే వినబడింది. పొలాల పక్క బండ్ల దారి, పుంత మీద వెళుతున్న ఒక పెద్దాయన, మాకు మావయ్య వరస, మరిదిని పిలిచి అంటున్నాడు.

“ఒరే, మంచి బండి ఎంచినావురా. మన మడికి సరిపోయినాది.”

“అవును మావా. పెద్దది పనికిరాదని నానే సెప్పినాను.”

పెద్దాయన వెళ్ళిపోయాడు. మరిది పార పట్టుకుని గట్టు దగ్గరకి వచ్చాడు.

“ఒదినా, నీదయ్యాక ఇటు దింపేస్తావేటి? మాది కూడా తిప్పేద్దువు. ఇక్కడ కాస్త గట్టు కొట్టేస్తాను, సులువుగా దిగుతాది.”

“గట్టు ముట్టుకోకు.”

“ఏటొదినా, రెండడుగులే.”

“నీది కూడా దున్నుతాను. పుంత మీంచి సుట్టూ తిరిగి వస్తాను.”

“ఇంత దగ్గర పెట్టుకుని అంత సుట్టు ఎందుకు?”

“గట్టున్నాది కదా.”

అవతల నారు కట్టలు సర్దుతున్న మా తోటికోడలు నడుం ఎత్తి మొగుడితో అంది. “సుట్టూ రానీ, లేదంటే నువ్వే దున్నుకో. ఫొటోలో తాళం నీ సేతిలోనే ఉన్నాది కదా!”

పక్క పట్టీలో ఆడవాళ్ళు నవ్వారు. మరిదికి కోపం వచ్చింది. వస్తే రానిమ్మనుకున్నాను. ఎంత చిన్న కోపమో అది, నా దానితో పోలిస్తే. నేను ఇంజను వేసి, మిగిలిన నా పట్టీ పూర్తి చేసి, పుంత ఎక్కాను. చాలా చుట్టు అది. బండి వెనకాలే అతను పార భుజాన వేసుకుని నడిచి వచ్చాడు, తన పట్టీ దాకా.