బెండ్లు కట్టుకొని మునగబోయిన మా ఆయన

మా ఆయన స్నేహితులతో కలిసి మద్రాసులో ఓడెక్కి అండమాను దీవులకు పోతాడంట. సముద్రంలో మునిగి రంగురంగుల చేపల్ని చూస్తాడంట. దానికోసం రబ్బరు పట్టీ కళ్లద్దాలు కూడా తెప్పించుకున్నాడు. నేనూ వస్తానంటే ఆ స్నేహితుల ముందరే నవ్వినాడు.

"నీళ్లు చూస్తే జడుసుకుంటావు, నీకెందుకు మే సముద్రం?"

మైదుకూరులో మా నాయన మోటబావిలో ఈదుతూ పెరిగినదాన్ని నేను. ఈత రానిది ఆయనకే. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. సమయం కోసం కాచుకొని ఉన్నా.

ఈ రోజు ఆ స్నేహితులంతా మా తోటకు వచ్చినారు. నా చేతిలోని ఇత్తడి చెంబు తోటలోని బావిలో పడింది. పడిందంటే, నేనే పడేసినా.

"ఏమప్పా, సముద్రంలో మునిగేటోడివి, ఈ చెంబు తీసియ్యి" అన్నా, అందరూ వినేటట్టు.

వెనక్కి తగ్గలేక, స్నేహితులకు చూపించడానికి తెచ్చిన ఆ అద్దాలు పెట్టుకున్నాడు. పిల్లలు ఈత నేర్చుకునే బెండ్లు గట్టు మీద ఉంటే, అవి నడుముకు కట్టుకొని దూకినాడు. బెండ్లు కట్టుకున్న మనిషి యాడన్నా మునుగుతాడా? తల లోపలికి పెడితే నడుము పైకి లేస్తాండాది. స్నేహితులు కడుపులు పట్టుకొని నవ్వినారు.

నేను కొంగు బిగించి దూకి, ఒక్క మునకలో చెంబు తెచ్చినా. ఆయన ఇంకా తేలుతానే ఉన్నాడు.

ఇప్పుడే అన్నానికి కూర్చున్నాడు. నీళ్లు ఆ చెంబుతోనే పెట్టినా. ముట్టుకోలేదు. నన్ను కూడా ఓడెక్కించేదాకా అదే చెంబుతో పెడతా. ఎక్కువైందంటారా, చాలదంటారా?