ఇంజిన్ మీద పిండిముద్ద

ఆదివారం ఉదయం ఏడుంపావుకి మా ఆయన వంటింట్లోకి వచ్చి చపాతీపిండి ముద్ద ఒకటి కావాలన్నారు. కారుకి. నిమ్మకాయంత చాలని, నూనె కలపొద్దని చెప్పారు.

అప్పటికి ఆయనకు క్యాన్సర్ మందు ఎక్కించడం మొదలై ఆరు వారాలైంది. మేముండే బడ్జ్ బడ్జ్ నుంచి కలకత్తా భవానీపూర్‌లోని ఆసుపత్రికి వారానికోసారి వెళ్ళాలి. మొదట్లో తనే నడిపేవారు. మందు వల్ల వేళ్ళకు తిమ్మిరి పట్టడంతో డాక్టరు నడపొద్దన్నారు. అద్దె కారులో ఒకసారి వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు ఆయనకు వాంతులయ్యాయి. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు. ఇంటికొచ్చాక, ఇంక ఆసుపత్రికి వెళ్ళనని ఆయన నెమ్మదిగానే చెప్పారు. ఆయన మాట మారాలంటే మా కారు నేను నడపాలి.

నాకు లైసెన్సు ఉంది, అలవాటు లేదు. పైగా గేరు వేసి క్లచ్ వదలగానే ముందు నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. నేను క్లచ్ మీంచి కాలు తీసేసేదాన్ని, బండి ఆగిపోయేది. వెనక చమురు ట్యాంకర్లు హారన్ కొట్టేవి.

చప్పుడు ఎక్కడిదై ఉంటుందో ఆయన ఊహించారు. వానాకాలం మా గల్లీలో నిలిచే నీళ్ళకు, ముందు చక్రాల స్ప్రింగులు బిగించే చోట రెండు పక్కలా రేకు తుప్పు పట్టింది. మా మెకానిక్ అక్కడ అతుకులు వేసి, రెండు పక్కలూ కదలకుండా ఇంజిన్ మీదుగా ఒక ఇనుప కడ్డీ అడ్డంగా బిగించాడు. స్ట్రట్ బార్ అంటారు దాన్ని. తీసేస్తే అతుకులు విడిపోవచ్చు. బండి కదిలేటప్పుడు ఇంజిన్ కూడా కాస్త ఊగుతుంది. ఊగినప్పుడు దాని పైమూత కడ్డీకి తగులుతోందా లేదా అన్నది చూడాలి. బానెట్ మూశాక కంటికి కనపడదు కాబట్టి, మధ్యలో పిండి పెట్టి నడిపితే ఎంత నలిగిందో తెలుస్తుందని ఆయన లెక్క. ఆయన చమురు డిపోలో పనిచేసి రిటైరయ్యారు. ట్యాంకు అడుగున నీళ్ళు ఎంత చేరాయో టేపుకు పేస్టు రాసి దించి, రంగు మారిన మేర చూసి చెప్పేవారు. అంటిన గుర్తు అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం.

పిండి పెట్టి, స్టేషను దాకా వెళ్ళి వచ్చాం. నేనే నడిపాను, రెండుసార్లు ఆగిపోయింది. బానెట్ ఎత్తి, ఆయన పిండిలో అగ్గిపుల్ల గుచ్చి లోతు చూశారు.

“వేలు దూరేంత ఖాళీ ఉంది. ఏటీ తగలట్లేదు. నువ్వే బెదిరిపోతున్నావు” అన్నారు.

తాళాలు ఆయన చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. ఆ నెలల్లో నేను చివరిదాకా చదవగలిగిన పుస్తకం కారుతోపాటు ఇచ్చినదొక్కటే. అందులో ఈ చప్పుడు గురించి లేదు.

పదింటికి మెకానిక్ వచ్చి ఇంజిన్‌లోకి తొంగిచూశాడు. చూసి, నన్ను బయటికి పిలిచాడు.

“బౌదీ, దాదా కి రుటీ బానాచ్ఛేన్?”

వదినా, అన్నగారు రొట్టెలు చేస్తున్నారా అని. నిజంగానే ఆ ముద్ద వేడికి పొంగి, సగం కాలి, కడ్డీకి అంటుకుని ఉంది. పిండి నలిగినా, తరువాత ఉబ్బింది. ఆయన కొలిచింది ఆ ఉబ్బునే. డిపోలో ఎప్పుడూ చల్లని ట్యాంకులే. వేడి సంగతి ఆయనకు తట్టలేదు.

మెకానిక్ నవ్వుతూనే ఉన్నాడు. ఆయన కూడా కొంచెం నవ్వి, నా వైపు తిరిగారు.

“చప్పుడు నిజమే. నేనే తప్పు కొలిచేను” అన్నారు.

మర్నాడు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా, మళ్ళీ పెట్టాం. ఈసారి రెండు ముద్దలు: ఒకటి కడ్డీ కింద, ఒకటి కడ్డీ మీద, బానెట్‌కి తగిలేలా. నేను బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేరు వేసి, క్లచ్ కొద్దికొద్దిగా వదలాలి. ఆయన నా పక్కన తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. ఇంజిన్ ఊగేదాకా వదిలి, మళ్ళీ తొక్కమన్నారు. ఇలా చాలాసార్లు చేయించారు. పిండికి అన్నిసార్లు అక్కర్లేదని నాకు తరువాత తెలిసింది. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో అప్పటికి నా పాదానికి తెలిసిపోయింది.

కింది ముద్ద కాగితమంత పల్చగా నలిగింది. పైముద్దలో రెండు అగ్గిపుల్లల మందం మిగిలింది. అంటే బానెట్‌కి తగలకుండా ఒక పుల్ల మందం వదిలేస్తే, కడ్డీని ఇంకో పుల్ల మందం మాత్రమే పైకి లేపవచ్చు. అది సరిపోదని, ఇంజిన్‌ని మోసే రబ్బరు దిమ్మ చిరిగి ఉంటుందని మెకానిక్ అన్నాడు. చూస్తే చిరిగే ఉంది. దాన్ని మార్చి, కడ్డీ కాళ్ళ కింద వాషర్లు వేసి, సాయంత్రానికి బండి ఇచ్చేశాడు.

ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. గల్లీ చివర క్లచ్ వదులుతూ చప్పుడు కోసం ఎదురుచూశాను. రాలేదు.

“మళ్ళీ వస్తే?” అన్నాను.

“రానీ. కాలు మాత్రం తియ్యకు. నేను పక్కనే ఉన్నాను కదా, ఏటి భయం?”

మర్నాడు మంగళవారం, ఆసుపత్రికి వెళ్ళే రోజు. పొద్దున్నే తయారై, వాంతి వస్తే పట్టుకోడానికి గిన్నె తనే తెచ్చుకుని వచ్చి కారులో కూర్చున్నారు.

తరువాత పదకొండు మంగళవారాలు నేను పాఠాలు చెప్పే కాలేజీకి సెలవు పెట్టి ఆయన్ని తీసుకెళ్ళాను. వచ్చేటప్పుడు వాంతి చేసుకున్నా మొహమాటపడేవారు కాదు. నోరు కడుక్కుని, తల అద్దానికి ఆనించి నిద్రపోయేవారు. గతుకులున్న చోట నేను నెమ్మదిగా పోనిచ్చేదాన్ని. పన్నెండో మంగళవారం డాక్టరు మందు పనిచెయ్యడం లేదని, ఇక రానక్కర్లేదని అన్నారు. ఫిబ్రవరిలో ఆయన పోయారు.

ఇప్పుడు నేను మంగళవారాలు సెలవు పెట్టడం లేదు.