నల్ల తేలుకు ప్రమోషన్

మా పక్క క్వార్టరు అంద్రెయ కాకకు ఒక గుణం ఉంది. మిమ్మల్ని ఏది కుట్టినా, ఏది కరిచినా, దాన్ని మించింది ఆయన్ని ముందే కుట్టి ఉంటుంది. ఈ విషయంలో ఆయన్ని ఓడించే మనిషి గోదావరిఖనిలో ఇంకా పుట్టలేదు. పుట్టినా, వాణ్ని కుట్టడానికి తగిన పురుగు పుట్టలేదు.

కాక బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. బొగ్గుగనిని మేం బాయి అంటాం. దిగడం మానేసినా బాయి ఆయన్ని వదల్లేదు, అక్కడి హోదాలన్నీ తెచ్చి పురుగులకు పంచిపెట్టాడు. ఎర్రచీమ బొగ్గెత్తే ఫిల్లర్. కందిరీగ వాళ్ల మీద అజమాయిషీ చేసే సర్దార్. జెర్రి, నల్ల తేలు సర్దార్ పైన ఉండే ఓవర్‌మన్‌లు. ఎర్ర తేలు ఒక్కటే మేనేజర్. ఆ పైన ఎవరూ లేరు.

నేను అదే బాయి ఆఫీసులో క్లర్కుని. ఒకరోజు డ్యూటీకి పోతుంటే హెల్మెట్‌లో దూరిన కందిరీగ నా చెంప మీద కుట్టింది. మొహం గారెలా పొంగింది. ఇంటికొస్తే గేటు దగ్గర కాక.

"ఏంది భూపాల్, మొఖం గట్ల ఉబ్బింది?"

"కందిరీగ కుట్టింది కాకా. మస్తు నొప్పి."

"కందిరీగనా! సర్దార్ తిట్లకే గింత ఏడుస్తరా కొడుకా? బాయిల నన్ను జెర్రి కరిచింది చూడు..."

ఆ జెర్రి మూర పొడవుండేదట. కిందటి నెల చెప్పినప్పుడు జానెడే. కాక నోట్లో ఉన్నన్నాళ్లూ ఏ పురుగైనా పెరుగుతూనే ఉంటుంది. నేను ఉక్రోషంతో లోపలికి వెళ్లిపోయాను. చెంప సంగతి సాయంత్రం దాకా గుర్తుకు రాలేదు.

పాస్టర్ ఇమ్మాన్యుయేల్ గారినీ కాక వదల్లేదు. క్రిస్మస్ స్టార్ కడుతుంటే చర్చి చూరుకున్న తేనెటీగలు లేచి ఆయన్ని చుట్టుముట్టాయి. ఆయన నేల మీద పడి "ప్రభువా" అంటుంటే, కాక పక్కన గొంతుక్కూర్చుని, ముళ్లు గీరి తీస్తూ, "అయ్యగారూ, ఇవన్నీ ఫిల్లర్లే. ఎంతమంది ఫిల్లర్లు కూడితే ఒక మేనేజర్ అయితడు చెప్పుండ్రి?" అన్నాడట. ఆ ఆదివారం పాస్టర్ గారు సహనం గురించి ప్రసంగించారు. ప్రసంగమంతా కాకనే కొరకొరా చూస్తూ చేశారు.

ఈ వేసవి మొదట్లో మా ఇంటికి స్వయంగా మేనేజరే వచ్చాడు.

ఎండలు ముదరగానే మా కాలనీలో ప్రతి ఇంటి ముందూ కూలర్లు విప్పి పాత గడ్డి పీకుతారు. నా భార్య మమత కూలర్ తలుపు తీసి గడ్డిలో చెయ్యి పెట్టింది. కెవ్వున అరిచింది. చిన్న ఎర్ర తేలు. చూస్తుండగానే మమతకు చెమటలు పట్టి, ఒళ్లు చల్లబడసాగింది. ఎదురింటి పోశవ్వ వచ్చి "అయ్యో బిడ్డా, ఎట్ల బతుకుతవే!" అని శోకాలు మొదలుపెట్టింది. బండి తాళం నా చేతిలోనే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నాను. మమత నాకు దక్కదేమో అన్న భయం తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

అప్పటికే కాక ఆటో పట్టుకొచ్చాడు. ఆటో కదిలిందో లేదో మొదలు.

"ఒక్కటే కుట్టిందా బిడ్డా? నన్నైతే రెండు కుట్టినయ్. మొగడు, పెండ్లాం."

మమత పళ్లు కొరికింది. "కాకా, జరసేపు నోరు మూస్తవా?"

"మూస్త. మూసే ముందు ఒక్క ముచ్చట. పెండ్లాం కుట్టిన కాడనే నొప్పి ఎక్కువ..."

"నువ్వు ఆటో దిగు! అరే, ఈ మనిషిని దింపుండ్రి!"

దవాఖాన దాకా మమత తిడుతూనే ఉంది. కళ్లు మూతపడబోయినప్పుడల్లా కాక ఇంకో తేలును తీశాడు, ఆమె మళ్లీ లేచి తిట్టింది. ఈ ముసలాయన్ని చౌరస్తాలో తోసేద్దామా అని నాకూ అనిపించింది.

మందు పడింది. మర్నాటికి మమత కోలుకుంది. మేం ఇంటికొచ్చేసరికి వాకిట్లో మా కూలర్ మూడు ముక్కలై ఉంది. మమత మళ్లీ ఆ గడ్డి ముట్టకూడదని కాక తానే పీకి, కడిగి, కొత్త గడ్డి కుక్కుతున్నాడు. పాత గడ్డి కుప్పను పక్కకు నెట్టబోయి, "చచ్చిన్రో! మార్తా! నేను పోయిన్రో!" అని ఎగిరి పడ్డాడు.

కుప్పలోంచి నల్ల తేలు నింపాదిగా బయటికొచ్చింది.

వాళ్లావిడ మార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. మమత నోరెళ్లబెట్టి, "గిదేంది అవ్వా? ఇన్ని తేళ్లు కుట్టిన మనిషి గిట్ల ఏడుస్తుండు?" అంది.

"ఏడ కుట్టినయే? పెండ్లైన కాంచి గీ మనిషిని దోమ తప్ప ఏదీ ముట్టలే."

"మరి ఆ ముచ్చట్లన్నీ?"

"బాయిల స్ట్రెచర్ మోసేటోడు బిడ్డా. దెబ్బ తాకినోణ్ని నొప్పి ఉన్నదా అని అడగొద్దట. అడిగితే భయపడి చల్లబడతరట. కోపం తెప్పియ్యాలె, కోపమొచ్చినోడు కండ్లు మూయడు అంటడు. పైకి తెచ్చేదాంక తిట్లు తింటనే మోసేది. గదే అలవాటు."

నాకు సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి కూడా. కానీ తీరిగ్గా చెమర్చుకునే వేళ కాదు, నేను పట్టుకొచ్చిన ఆటోలో కాక మొహం పాలిపోయి, "మార్తా, పిల్లలకు ఫోన్ కొట్టు..." అని మూలుగుతున్నాడు.

చేతికి సూది గుచ్చిన పట్టీ ఇంకా ఊడని మమత ఎగిరి ఆయన పక్కన కూర్చుంది.

"నల్లదేనా కాకా? ఓస్! ఓవర్‌మన్ తిట్లకే గింత ఏడుస్తరా? నన్ను కుట్టింది మేనేజర్."

కాక కళ్లు తెరిచాడు. "ఏమన్నవ్?"

"చీమ కుట్టినట్టు ఉంటది గంతే. ఏం ఫికర్ చెయ్యకు."

"చీమనా!" కాక నిటారుగా లేచి కూర్చున్నాడు. "నీకేం ఎరుకనే? కుట్టింది నన్ను! గిది ఓవర్‌మన్ కానే కాదు!"

దవాఖాన దాకా తగువే. వాకిలి దగ్గర సిస్టరమ్మ ఏం కుట్టిందని అడిగింది.

"ఓవర్‌మన్" అంది మమత.

"మేనేజర్!" అని అరిచాడు కాక.

సిస్టరమ్మ నావైపు చూసింది. "నల్ల తేలమ్మా," అన్నాను నవ్వు ఆపుకుంటూ, "ఇవాళే ప్రమోషన్ వచ్చింది."