చర్మానికీ లైనర్‌కూ నడుమ

చీరల దుకాణంలో పనంటే నిలబడి చేసే పని అనుకుంటారు చాలామంది. అబిడ్స్‌లోని మా దుకాణంలో అలా కాదు. మా యజమాని వామన్‌రావు గారికి అద్దాల కౌంటర్లంటే ఒళ్ళు మంట. తెల్లదుప్పటి పరిచిన పొడవాటి పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న సేల్స్‌మన్, ఎదురుగా కుర్చీల్లో ఆడవాళ్ళు. ఆయన తాతల నాటి పద్ధతి ఇప్పటికీ అదే. వెనక అరల్లోంచి చీరల కట్ట కావాలంటే సేల్స్‌మన్ మోకాళ్ళ మీద లేచి అందుకోవాలి. రోజంతా కూర్చోవడం, మోకాళ్ళ మీద లేవడం, మళ్ళీ కూర్చోవడం. ఎల్లేష్ ఆ పరుపు మీద ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు. బిల్లుల కౌంటర్లో ఉండే నాకు రోజూ ఎదురుగా కనిపించేది అతనే.

ఎల్లేష్‌ది జనగామ దగ్గర పల్లె. కూలి చేసుకునే కుటుంబం. చిన్నప్పుడే ఈ ఊరొచ్చి బట్ట పట్టుకున్నాడు. చీర ఏదో లేబులు చూసి చెప్పడు, రెండు వేళ్ళ మధ్య రుద్ది చెబుతాడు. "గిది పట్టు కాదక్కా, పట్టు తీరు కనవడ్తది, గంతే" అని కొనేవాళ్ళ మొహం మీదే అనేవాడు. వామన్‌రావు గారు పళ్ళు నూరేవారు. కానీ వచ్చినవాళ్ళు మళ్ళీ వచ్చి అతన్నే అడిగేవాళ్ళు. ఒక్కటే లోపం. బట్ట విషయంలో ఇంకొకరి మాట చెవికెక్కదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఈ సామెత ఎల్లేష్ గురించి రాయవలసి రావడం నాకు కష్టంగానే ఉంది.

షుగరు అతనికి చాలాకాలంగా ఉంది. అరికాళ్ళలో స్పర్శ పోయిన సంగతి అతనికే తెలియదు. ఒక సెలవు రోజు బూటులో పడ్డ చిన్న గులకరాయితోనే పొద్దంతా తిరిగాడు. ఇంటికెళ్ళి విప్పితే సాక్సు నిండా నెత్తురు. వేలు నల్లబడింది, నలుపు పైకి పాకింది, దవాఖానలో ఎడమకాలు మోకాలి కింద జానెడు ఉంచి తీసేశారు. నేను చూడటానికి వెళితే వరండాలో అతని భార్య నర్మద నాకు ధైర్యం చెప్పింది. "మోకాలు దక్కింది మూర్తి సార్. పరుపు మీద కూసుంటడు. కొలువు పోదు."

వామన్‌రావు గారూ ఆ మాటే అన్నారు. "కింద కూర్చోగలిగితే నీ చోటు నీదే ఎల్లేష్. నిలబడి చేసే పని నా దగ్గర లేదు." కాబట్టి కాలు పోయాక ఎల్లేష్‌కు మిగిలిన ఆస్తి ఆ మోకాలే.

పెట్టుడు కాలు కోసం నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక సందులోకి నేనే తీసుకెళ్ళాను. రెండో అంతస్తు, లిఫ్టు లేదు. కాళ్ళు పోయినవాళ్ళకు కాళ్ళు పెట్టే చోటికి మెట్లెక్కి పోవాలి. ఈ ఊళ్ళో ఇలాంటి తెలివికి కొదవ లేదు. ఎల్లేష్ చంకకర్రలతో మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కాడు.

అక్కడ కాళ్ళు అమర్చే అమ్మాయి పేరు హైందవి. చిన్నదే గానీ ఓపిక చాలా ఉంది. "అంకుల్, మీరు నడిచేదెక్కువా, కూర్చునేదెక్కువా?" అని మొదట అడిగింది.

"కూసునుడే నా పని బిడ్డా."

ఆమె బల్ల మీద మూడు రకాలు పెట్టింది. ఒకదానికి తొడకు కట్టే బెల్టు ఉంది. కూర్చుని లేచేవాళ్ళకు అది వదులై జారుతుందని తనే పక్కన పెట్టేసింది. రెండోది గాలి లాగేసి కాలిని పట్టుకునేది. నడకకు అది హాయి, కానీ దాని రబ్బరు తొడుగు మోకాలి మీదికి వస్తుంది. కింద కూర్చుంటే మోకాలి వెనక ముద్దగా ముడుచుకుని కోస్తుంది. మూడోది పిన్ను. మెత్తటి జెల్ లైనర్‌ను మేజోడులా చర్మం మీదికి తొడిగితే, దాని కొసన ఉన్న పిన్ను పెట్టుడు కాలిలోకి దిగి టకటకమని పట్టుకుంటుంది. మోకాలికి ఏ అడ్డూ ఉండదు.

"గిదే నాది," అన్నాడు ఎల్లేష్. అని, లైనర్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్దాడు. మొహం చిట్లించాడు. "రబ్బరే గదా బిడ్డా. చెమట ఎటు పోతది?"

"ఎటూ పోదు అంకుల్. మొదట్లో బాగా పడ్తది. విప్పి, తుడుచుకొని, మళ్ళ తొడుక్కోవాలె. ఒక్కటి గుర్తుంచుకోండి, చర్మానికీ లైనర్‌కూ నడుమ ఏదీ ఉండొద్దు. సాక్సు కావాలంటే లైనర్ పైన వేసుకోవాలె. రోజూ సాయంత్రం అద్దం పెట్టి అడుగు భాగం చూసుకోవాలె. నొప్పి మీకు తెల్వదు కాబట్టి కళ్ళతోనే చూడాలె."

ఎల్లేష్ తల ఊపాడు. ఊపే తల వినే తల కాదని ఆడవాళ్ళకు చీరలమ్మే చోట పనిచేసే నాకు తెలియకపోలేదు.

చలికాలంలో తిరిగి పరుపెక్కాడు. ఆ రోజు దుకాణంలో అందరం పని ఆపి చూశాం. చెయ్యి ఆనించి కూర్చున్నాడు, మోకాళ్ళ మీద లేచాడు, కట్ట లాగాడు, చీర విసిరి పరిచాడు. కొంగు ఎప్పటిలాగే పరుపు అంచున పడింది. వామన్‌రావు గారు లోపలికెళ్ళి ముక్కు చీదుకుని వచ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి, దాచేదేముంది.

ఎండాకాలం వచ్చింది. పెళ్ళిళ్ళ సీజను. ఊపిరాడనంత జనం. రబ్బరులో చెమట పట్టి లైనర్ జారేది, వాసన వచ్చేది. ఎదురుగా కూర్చున్న ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడ సెంటు వాసనకే నాకు తలనొప్పి వచ్చింది, ఆ సంగతి వేరు. ఎల్లేష్ మాత్రం ఆ రోజంతా తల ఎత్తలేదు.

మర్నాడు హుషారుగా వచ్చాడు. "చెమటకు మందు దొరికింది సార్. నూలు బట్ట. మా ఆమె పాత చీర, ఉతికి ఉతికి వెన్న తీరు అయింది. గా బట్ట లోపట చుట్టి మీద రబ్బరు తొడిగింది. ఇంగ జారుడు లేదు, వాసన లేదు."

"ఆ అమ్మాయి నడుమ ఏదీ ఉండొద్దంది కదయ్యా," అన్నాను.

"ఆ పిల్ల రబ్బరు చదువు చదివింది సార్. బట్ట ముచ్చట ఆమెకేమెరుక? పుట్టిన పిల్లగానికి ఏం చుడ్తం? పాత నూలు చీర గాదా?"

ఆ మాటను ఈ దేశంలో ఎవరూ కాదనలేరు.

రోజూ పొద్దున బట్ట చుట్టేది నర్మదే. అతను మంచం మీద కూర్చుంటే, ఆమె కింద కూర్చుని, ఎక్కడా ముడత రాకుండా అరచేత్తో సవరించి, పైన లైనర్ తొడిగేది. కానీ పిన్ను లైనర్ చర్మాన్ని పట్టుకునే పెట్టుడు కాలిని మోస్తుంది. నడుమ బట్ట ఉంటే లైనర్ పట్టుకునేది బట్టనే. అడుగు అడుగుకూ బట్ట కిందికి జారి, కొసన మడత పడి, రోజంతా అదే చోట ఒత్తేది. ఒకరోజు సాయంత్రం విప్పితే ఎర్రటి గీత. "చూపెడ్దాం పా," అంది నర్మద. అతను నవ్వాడట. "మడత ముద్ర. చీర మీద ముద్ర తీరు పొద్దటికి పోతది." సీజన్ అయ్యేదాకా నాంపల్లి వెళ్ళే తీరిక లేదన్నాడు. నర్మద మర్నాటి నుంచి బట్టను ఇంకో వరస ఎక్కువ చుట్టింది, ఒత్తుకోకుండా ఉంటుందని.

ఒక మధ్యాహ్నం పెళ్ళివారికి చీరలు పరుస్తూ ఎల్లేష్ మోకాళ్ళ మీద లేచాడు. పరుపు మీది తెల్లదుప్పటి మీద చీమూ నెత్తురూ కలిసిన మరక. పెళ్ళివాళ్ళు గబుక్కున లేచి నిలబడ్డారు. అతనికి ఏమీ తెలియలేదు. "కూసోండక్కా, ఏమైంది?" అంటున్నాడు.

ఆటోలో నేరుగా హైందవి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె లైనర్ దించింది. గాయానికి అతుక్కుపోయిన బట్టను నీళ్ళతో తడిపి మెల్లగా లాగింది. ఎముక కనిపించింది. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

"దవాఖానకు ఇప్పుడే పోండి అంకుల్," అంది.

"మోకాలు ఉంటదా బిడ్డా?"

ఆమె గాయం మీద తెల్లగుడ్డ కప్పింది. ఎల్లేష్ ఆ బట్ట ముక్క వంక చూశాడు. తర్వాత మెల్లగా, "మా ఆమె అడిగితే షుగరు ఎక్కువై పోయిందని చెప్పు. బట్ట ముచ్చట తియ్యకు. ఆమె చేతులతోని చుట్టింది," అన్నాడు. నా వైపు తిరిగి, "సార్, మీరు గూడ," అన్నాడు. ఇద్దరం సరేనన్నాం.

చీము ఎముకకు పాకిందన్నారు. మోకాలి పైకి కోశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అంతకంటే మంచి మాట నాకు తట్టడం లేదు. కోలుకుని వచ్చాక వామన్‌రావు గారు గుమ్మం పక్కన స్టూలు వేయించారు. వచ్చినవాళ్ళు విడిచిన చెప్పులకు టోకెన్లు ఇచ్చే పని. ఆయన చెడ్డవాడు కాదు. అయినా ఆ రోజు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. పరుపు మీద ఎవరో కుర్రాడు కూర్చుని పాలిస్టరును పట్టు అని అమ్ముతున్నాడు. ఎల్లేష్ అటు చూడడు.

తొడకు తగిలించే పెట్టుడు కాలు అమర్చుకోవడానికి మళ్ళీ నాంపల్లి వెళ్ళాం. ఈసారి నర్మద కూడా వచ్చింది. హైందవి కొత్త లైనర్ తీసింది. చర్మానికీ లైనర్‌కూ నడుమ ఏదీ ఉండొద్దన్న మాటతో సహా, చెప్పాల్సిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నర్మద చివరిదాకా విని, "ఒక్క ముచ్చట అడుగుత బిడ్డా," అంది. "మోకాలు పోయింది గా బట్టతోనే గదా?"

"కాదమ్మా. షుగరు ఎక్కువై పోయింది."

నర్మద నన్ను చూసింది. "మీరేమంటరు సార్?"

"షుగరు ఎక్కువై పోయిందమ్మా," అన్నాను.

"ఈయన గూడ గదే అన్నడు. ముగ్గురిది ఒక్కటే మాట, అక్షరం తప్పు పోలే," అంది. "ముందుగాల్నే అనుకొని పెట్టుకున్నరు."

హైందవి లైనర్‌ను తిరగేసి ఆమె చేతికి అందించబోయింది. "మీరు తొడగండమ్మా, నేను చూస్త."

నర్మద రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నేను ముట్ట."

"నర్మదా, తొడుగు. ఏం కాదు," అన్నాడు ఎల్లేష్. ఆమె తల అడ్డంగా ఊపి గోడ దగ్గరికి వెళ్ళింది. అతనే వంగి తొడుక్కోబోయాడు. గాలి చేరి బుడగ వచ్చింది. తీసి మళ్ళీ తొడిగాడు, మళ్ళీ వచ్చింది. నర్మద చూస్తూనే ఉంది, దగ్గరికి రాలేదు.