బండి ఆగితే ఎవరొస్తరు?

నాకు దేవరకొండ అవతలి ఊరి బడికి బదిలీ అయిన ఏడు మా ఇంట్లో రెండు నిర్ణయాలు జరిగాయి. మొదటిది మా ఆయన ఒక్కడే తీసుకున్నాడు. దేవరకొండలో ఒక గది కిరాయికి మాట్లాడి, దాని తాళంచెవి తెచ్చి, హాలియాలో మా ఇంటి తలుపు పక్కన మేకుకు తగిలించాడు. సోమవారం పోయి శనివారం రావాలని ఆయన ఏర్పాటు. రెండోది నేను ఒక్కదాన్నే తీసుకున్నాను. పాత కారు కొంటాను, రోజూ ఇంటికొస్తాను. మా పాప అప్పుడు పదో తరగతి. దానికి నా అవసరం ఉందని అందరికీ చెప్పాను. నిజానికి నాకే దాని అవసరం ఎక్కువ. కానీ ఆ మాట చెబితే ఎవరూ కారు కొననివ్వరు.

మా ఆయన గొడవ పడే మనిషి కాదు, షరతులు పెట్టే మనిషి. అన్నం తింటూ షరతు పెట్టాడు.

"తోలుకో, నాకేం లేదు. గని బండి నడిమిట్ల ఆగి, నువ్వు రోడ్డు మీద ఒక్కదానివి నిలబడ్డవని నాకు తెల్సిన్నాడు కారు అమ్ముడే. రూముల ఉండుడే."

"ఒక్కసారి ఆగినా?"

"ఒక్కసారి ఆగినా."

గదిని మాత్రం వదల్లేదు. తాళంచెవి మేకుకే ఉంది. పొద్దున చెప్పులు వేసుకునేటప్పుడల్లా అది నా కంటికి ఆనేది.

నల్గొండలో మిర్యాలగూడ రోడ్డు మీద పాత కార్లు అమ్మే దుకాణానికి ముగ్గురం పోయాం, నేను, మా ఆయన, మా బాపు. బాపును తీసుకుపోవాలని నేను అనుకోలేదు. ఆయనకు కారు తోలడం రాదు. కానీ వయసులో ఉన్నప్పుడు పశువుల అంగట్లో ఎడ్లు కొనిపించినవాడు. పాతదాన్ని కొనేటప్పుడు తను లేకపోతే ఎట్లా అని, మేం బయల్దేరేసరికే తువ్వాల భుజాన వేసుకుని బస్టాండు దగ్గర నిలబడి ఉన్నాడు.

ఆ దుకాణంలో ఉన్న ప్రతి కారునూ అంతకు ముందు ఎవరో ఒక డాక్టరే వాడాడు. ఇంటి నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇంటికి తప్ప ఇంకెక్కడికీ పోని డాక్టర్లు మా జిల్లాలో అంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. అమ్మే మనిషి టై కట్టుకుని ఉన్నాడు. అతను చూపించిన వాటిలో ఒక తెల్ల కారు నాకు నచ్చింది. బాపు దాని ముందుకు పోలేదు. వెనక్కి పోయి నిలబడ్డాడు.

"జర దీన్ని అటు దాక నడిపియ్యయ్యా. ఎన్కకెల్లి చూస్త."

"మీరు లోపల కూసోవాలె తాతా, టెస్ట్ డ్రైవంటే."

"లోపల కూసుంటే దాని నడక ఎట్ల కనవడ్తది?"

టై మనిషి కారును గేటు దాకా తోలుకుపోయి తెచ్చాడు. బాపు తలాడించాడు.

"ఎడమ దిక్కు జర ఒరుగుతాంది. కుంటుడైతే లేదు. డాక్టరు ఎందుకు అమ్మిండు?"

"కొత్తది కొన్నడు తాతా."

"కొత్తది ఎందుకు కొన్నడు?"

టై మనిషి ధర మాట ఎత్తాడు. బేరం కుదిరింది. అప్పుడతను సొరుగులోంచి ఒక రంగుల కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఎక్స్‌టెండెడ్ వారంటీ. ఇంకొంత కడితే కొన్నేళ్ళ దాకా బండి గురించి మరిచిపోవచ్చన్నాడు. దేనికి వర్తించదో కూడా నిజాయితీగానే చదివాడు. టైర్లకు లేదు, బ్యాటరీకి లేదు, బ్రేకులకు, క్లచ్చుకు, రబ్బరు పైపులకు, అద్దాలకు, సీట్లకు లేదు.

"మరి దేనికున్నదయ్యా?" అన్నాడు బాపు.

"ఇంజనుకుంది తాతా. గేర్‌బాక్సుకుంది."

"గవి ఖరాబైతయా?"

"మంచి బండి తాతా, అవి ఎందుకు ఖరాబైతయి?"

బాపు మా ఆయన ముఖంలోకి చూశాడు, మా ఆయన బాపు ముఖంలోకి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మామా అల్లుళ్ళు ఒక్క మాట మీద నిలబడడం నేను చూసింది అప్పుడే.

ఇంకో షరతు కూడా ఉంది. బయటివాళ్ళెవరూ బానెట్ ఎత్తి చెయ్యి పెట్టకూడదు. పెడితే వారంటీ పోతుంది. బండి దారిలో ఆగితే కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేయాలి.

"చేస్తే ఎవరొస్తరు?" అన్నాడు బాపు.

"కంపెనీ మనిషొస్తడు."

"ఎవరు? ఏ ఊరు ఆయనది?"

"అట్ల చెప్పలేం తాతా. ఎవరు దగ్గరుంటే వాళ్ళొస్తరు."

"ఇప్పుడు చెయ్యి బిడ్డా," అన్నాడు బాపు నాతో. చేశాను. స్పీకరు పెట్టమంటే పెట్టాను. ఒక ఆడగొంతు మూడు భాషల్లో నమస్కారం చెప్పింది. నా కాల్ వాళ్ళకు ఎంతో ముఖ్యమంది. తర్వాత సంగీతం మొదలైంది. దుకాణం వాళ్ళు చాయ్ తెప్పించారు. చాయ్ తాగాం. సంగీతం వస్తూనే ఉంది. బాపు గ్లాసు కింద పెట్టి, "వాయిద్యం మంచిగున్నది," అన్నాడు.

మా ఆయన తన అభిప్రాయం అప్పుడు చెప్పాడు. "వాడని దానికి పైసలు కట్టుడంటే దండుగ." ఎవరూ ఉండని గదికి నెలనెలా కిరాయి కడుతున్న మనిషి ఆ మాట అన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన క్యాలెండరు వైపు చూశాడు.

బాపు లేచి తువ్వాల దులిపాడు. అంగట్లో ఆయనకొక పద్ధతి ఉండేది. తను కొనిపించిన ఎద్దు కొత్త ఇంట్లో కాడి కిందికి వచ్చి ఒక పొద్దు దున్నేదాకా దాని మంచిచెడ్డ తనదే. మొరాయిస్తే రైతు నేరుగా మా ఇంటికొచ్చేవాడు. బాపు అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడూ అదే మాట అన్నాడు. "కాయిదం ఎందుకు బిడ్డా? దీనికి పూచీ నాది."

నాకు కోపం వచ్చింది. కారు నాది, దారి నాది, ఆగితే పోయేది నా ఇల్లు. వద్దని చెప్పడానికి మాత్రం వీళ్ళిద్దరూ ఉన్నారు. కోపం వెనక భయం కూడా ఉంది. ఒక్కసారి ఆగితే చాలు, సోమవారం నుంచి శనివారం దాకా ఆ గదిలో ఒక్కదాన్నే వండుకుని తినాలి. పెన్ను తీసి సంతకం పెట్టాను. ఇంజను గురించి నాకు ఏ బెంగా లేదు. ఎవరో ఒకరు వస్తారన్న మాట కొనుక్కున్నాను.

రోజూ తోలుతున్నాను. హాలియా దగ్గర కాలువ నీళ్ళ పొలాలు ఒక దమ్ములో అయిపోతాయి. ఆ తర్వాత పత్తి చేన్లు, బత్తాయి తోటలు, ఎర్రటి బీడు, గుట్టలు. కొన్నాళ్ళకు ఒకసారి, పాప ఫోన్ చేస్తే మాట్లాడదామని బండి పక్కకు ఆపాను. ఒక ముసలాయన చేలోంచి వచ్చి అద్దం మీద కొట్టాడు.

"ఏమైంది బిడ్డా, బండి ఆగిందా?"

"లేదు పెద్దయ్యా, ఫోన్ మాట్లాడుతున్న."

"సరే మాట్లాడు," అని అక్కడే నిలబడ్డాడు. నేను కదిలేదాకా కదల్లేదు. ఇల్లు చేరకముందే బాపు ఫోన్. "నడిమిట్ల ఆగినవట?"

అప్పుడు బయటపడింది. నేను కారు కొన్న వారంలోనే బాపు బస్సెక్కి, ఆ దారిలో తనకు అంగడి నాటి నుంచి తెలిసినవాళ్ళున్న ప్రతి ఊళ్ళో దిగి, కారు రంగు, నంబరు చెప్పి వచ్చాడు. 'నా బిడ్డ ఒక్కతే పోతది, ఆగితే జర చూడుండ్రి' అని చెప్పాడట. ఆ తర్వాత ఆ దారిలో నాకు బండి ఆపుకునే స్వేచ్ఛ లేకుండా పోయింది. నీళ్ళు తాగడానికి ఆపినా ఎవరో ఒకరు వచ్చేవారు. అద్దం తుడుచుకుంటుంటే ఒకామె పనిముట్లు తెమ్మని కొడుకును కేకేసింది. నేను బాపు మీద అరిచాను. ఆయన విన్నాడు. ఒక్క ఊరికీ పోయి వద్దని చెప్పలేదు.

ఎండలు ముదిరాక, బడి నుంచి వస్తుంటే, మల్లేపల్లి దాటిన తర్వాత ముందు ఎర్ర దీపం వెలిగింది. తర్వాత బానెట్ సందుల్లోంచి పొగ. పక్కకు తీసి ఆపాను. ఈసారి నేను ఆపకపోయినా అదే ఆగేది. నాకు ఇంజను గుర్తుకు రాలేదు, మేకుకున్న తాళంచెవి గుర్తొచ్చింది. కాగితం తీసి కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. నా కాల్ ఇప్పటికీ వాళ్ళకు ముఖ్యమే. సంగీతం మొదలైంది.

అది వస్తుండగానే బత్తాయి తోటలోంచి ఒకాయన, ట్రాక్టరు దిగి ఇంకొకాయన, చాయ్ కొట్టు మూసేసి ఒకావిడ, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. బానెట్ మీద చేతులు పడ్డాయి.

"ఆగుండ్రి! ఎత్తొద్దు! వారంటీ ఉన్నది!"

"ఉండనియ్ బిడ్డా, దాన్ని మేమేం అనం," అని తోటాయన బానెట్ ఎత్తాడు.

నీళ్ళ పైపు పగిలింది. రబ్బరుది. వారంటీలో లేనిది. దాని గురించి పెద్ద వాదన జరిగింది. పైపు మార్చాలన్నాడు ఒకాయన, బండినే మార్చాలన్నాడు ట్రాక్టరాయన. చాయ్ కొట్టావిడ నన్ను తన స్టూలు మీద కూర్చోబెట్టి, నా చేతిలో గ్లాసు పెట్టి, "నువ్వు గటు చూడకు," అంది. చివరికి ఎవరిదో సైకిలు ట్యూబు కోసి పైపు చుట్టూ బిగించి, తోటలో డ్రిప్పుకు వాడే తీగెతో కట్టి, చల్లారాక నీళ్ళు పోశారు. బండి స్టార్ట్ అయింది. సరిగ్గా అప్పుడే ఫోన్‌లో సంగీతం ఆగింది.

"చెప్పండి మేడం, దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది?"

చుట్టూ చూశాను. "బత్తాయి తోట."

"ఏ బత్తాయి తోట మేడం?"

తోటాయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "బండి పోతాంది తల్లీ. నువ్వు ఫికర్ చెయ్యకు," అని పెట్టేశాడు.

హాలియా కాలువ వంతెన దగ్గర మా ఆయన బైకు మీద ఎదురొచ్చాడు. బాపు ఆయనకు ఫోన్ చేసి, బండి ఆగిందని, బాగు చేస్తున్నారని, రావద్దని చెప్పాడట. రావద్దని చెప్పడానికి ముందు ఆగిందని చెప్పాలి కదా. బైకు నా పక్కకు తెచ్చాడు.

"ఆగిందట?"

"ఆగింది."

"ఒక్కదానివే ఉంటివా?"

"ఒక్కదాన్ని ఎక్కడుండనిచ్చిన్రు?"

ఆయన బైకు తిప్పి, ఇంటిదాకా నా వెనకే వచ్చాడు. అద్దంలో ఆయన దీపం కనిపిస్తూనే ఉంది. ఇంట్లో తన పాటికి తను అన్నం తిన్నాడు. నాకు అన్నం దిగలేదు. తీర్పు ఎప్పుడొస్తుందో తెలియక అంత ఎదురుచూడడం నా జన్మలో లేదు.

ఆదివారం ఇద్దరం నల్గొండకు సర్వీసుకు పోయాం. అక్కడి మనిషి బానెట్ ఎత్తి, సైకిలు ట్యూబు చూసి, తల అడ్డంగా ఊపాడు. బయటివాళ్ళ చెయ్యి పడింది కాబట్టి వారంటీ రద్దన్నాడు. మా ఆయన ఇప్పుడు నవ్వుతాడు అనుకున్నాను. ఆయన వంగి ఆ కట్టును వేలితో లాగి చూశాడు.

"ఎంత గట్టిగ కట్టిన్రు," అన్నాడు. ఎవరితోనూ కాదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పకుండానే మేకుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"రేపటి నుంచేనా?" అన్నాను.

"రేపే. పొయ్యేటప్పుడు రూమాయనకు ఇచ్చిపో. ఇగ మనకు అక్కర లేదని చెప్పు."

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. పాప వచ్చి ఏమైందంటే, ఉల్లిగడ్డ కోస్తున్నానని చెప్పాను. చేతిలో తాళంచెవి తప్ప ఏమీ లేదు.

సోమవారం పొద్దున దేవరకొండలో ఆ గది ముందు బండి ఆపి, తాళంచెవి ఇచ్చి, వచ్చి స్టీరింగు పట్టుకునేలోపు బాపు ఫోన్.

"ఏంది బిడ్డా, దేవరకొండల బండి ఆగిందట?"

"ఆగలే బాపు," అన్నాను. "నేనే ఆపిన."