ఒక్క బిస్కెట్ తిన్న యూసుఫ్

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, పరీక్ష రాయడానికి నేనూ, నా క్లాస్‌మేట్ యూసుఫూ జనగామ నుంచి సికింద్రాబాద్ వెళ్లాం. వాడి షేర్వాణీ చూసి దారంతా కుళ్లుకున్నాను.

ఇరానీ హోటల్లో అడగకుండానే చాయ్ పక్కన బిస్కెట్ల ప్లేటు పెట్టారు. వాడు దర్జాగా ఒక్కటే తిన్నాడు. కడుపు నిండినవాడి టెక్కు అనుకుని, పంతం కొద్దీ మిగతావన్నీ నేనే తినేశాను. తిన్న ప్రతి బిస్కెట్‌కీ డబ్బు కట్టాలని నాకేం తెలుసు? బేరర్ గల్లాపెట్టె దాకా వినబడేలా లెక్క అరిచాడు. నా జేబులో అంత లేదు. తను జట్కా కోసం దాచుకున్న డబ్బుతో యూసుఫే కట్టాడు.

బయటికొచ్చాక పకపకా నవ్వాడు. "నాకు సుత ఆకలైందిర భయ్! పైసల్లేకనే ఒక్కటి తిన్న. ఈ షేర్వాణీ సుత మా మామూది."

మల్కాజ్‌గిరిలోని ఆ మామూ ఇంటికి నడిచే వెళ్లాం. షేర్వాణీ మీద అసూయ ఆ దారిలోనే పోయింది. ఆ నవ్వు మీద మాత్రం ఇప్పటికీ పోలేదు.