రెండో పురుడు ఎక్కడ?

"మొదటి కాన్పు తర్వాత రక్తం ఎక్కువ పోయిందా?" అని ద్వారకా నగర్ క్లినిక్‌లో డాక్టరమ్మ అడిగితే నేను పక్కనున్న మా అమ్మ వైపు తిరిగాను. ఒళ్లు నాది, కాన్పు నాది, సంగతి మాత్రం నాకే తెలీదు! బాబు ఏడుపు విన్నాను, కళ్లు మూతపడ్డాయి. లేచేసరికి చేతికి సూది గుచ్చి ఉంది. అంతే గుర్తు.

అమ్మే అందుకుంది. "ఏటీ లేదండి. సులువుగా అయిపోనాది."

డాక్టరమ్మ మళ్లీ నావైపే చూసింది. "అప్పుడు ఎక్కువ పోయుంటే ఈసారీ పోవచ్చు. అలాగైతే వెంటనే రక్తం దొరికే పెద్దాస్పత్రిలోనే కనాలి. లేదంటే మీ పుట్టింటి దగ్గర నర్సింగ్ హోమ్ గురించి ఆలోచిద్దాం. సరిగ్గా కనుక్కుని రండి" అంది.

ఎవర్ని కనుక్కోను? చోడవరం అవతల, మా పుట్టింటి దగ్గర పురుడు పోసిన డాక్టరు కాలం చేశారు. కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసే మా ఆయన్ని అడిగాను. "నాకేటి తెలుసు? మీవోళ్లు నన్ను బయట కూకోబెట్టీసినారు. రక్తం కావాలంటే షెడ్డులో మావోళ్లకి ఫోన్ సేసినాను, వచ్చి ఇచ్చినారు" అన్నాడు. అత్తయ్యని అడిగితే "రక్తమేటి? గ్లూకోజు ఎట్టినారు" అంది. అమ్మని అడిగితే మళ్లీ "ఏటీ లేదే." ఇదేం గోలరా దేవుడా! ఒకరోజు అమ్మ మాటే నిజమనిపించేది, మర్నాడు మా ఆయన మాట.

మా వైపు కడుపుతో ఉన్న మనిషి ముందు చెడ్డ కబురు ఎత్తరు. ఎత్తితే తగులుకుంటుందని భయం. అది నాకూ తెలుసు, కానీ అమ్మ దాస్తోందా, నిజంగా ఏమీ లేదా అన్నది ఎలా తేలుతుంది? పైగా ఆవిడ అప్పుడే పుట్టింట్లో వెనక గదికి సున్నం వేయించి, మంచం బిగించి, నేను వచ్చే రోజు కోసం చూస్తోంది.

ఆ శనివారం అమ్మా నేనూ సింహాచలం వెళ్లాం. కొండమీద తలనీలాలిచ్చే చోట జనం బారులు తీరారు. బాబు పుట్టాక అమ్మ కూడా ఇక్కడే గుండు చేయించుకుంది. మనవడు పుడితే ఇంత సంబరమా అని అప్పట్లో నవ్వాను కూడా. ఉన్నట్టుండి అనుమానం వచ్చింది.

"అమ్మా, బాబు బాగానే పుట్టాడు కదా. మరి అంత మొక్కు ఎందుకు మొక్కావు?"

"ఆడి కోసం కాదే" అనేసి నాలిక్కరుచుకుంది. "పద, దర్శనానికి లేటవుద్ది."

మెట్టు మీద కూలబడ్డాను. ఆ వెంటనే ఒళ్లు మండింది. "చచ్చిపోయేదాన్నా? నోరు విప్పవేం?" అని నలుగురిలో అరిచాను. అమ్మ గబుక్కున నా నోరు మూసింది. రెక్క పట్టుకుని లేపి దర్శనం వరసలోకి లాక్కెళ్లింది.

మళ్లీ క్లినిక్‌కి వెళ్లినప్పుడు మాత్రం నాకంటే ముందు తనే లేచింది. "నువ్వు బయట కూకో. డాక్టరమ్మతో నాను మాటాడాలి."

తలుపు సరిగా పడలేదు. "దుప్పటి మీద దుప్పటి మార్చినామమ్మా... పిలిత్తే పలకలేదు" అన్న ముక్క వినబడింది. చెవులు మూసుకోవాలో, తలుపు తోసుకుని లోపలికెళ్లాలో తెలియలేదు.

అమ్మ బయటికొచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గదికి సున్నం ఎయ్యించీసినాను గానీ, నువ్వు మనింటికి రాకు. ఇక్కడ పెద్దాస్పత్రిలోనే కను. నానే వత్తాను."

నాకు బుద్ధి తెలిశాక అమ్మ నన్ను ఇంటికి రావద్దనడం అదే మొదటిసారి. కోప్పడాలో, కావిలించుకోవాలో అర్థంకాక, భుజాల దాకా మళ్లీ పెరిగిన ఆవిడ జుట్టునే చూస్తూ నిలబడ్డాను.